వికీలో పేజీల పేర్లు, అమరిక: పల్నాడు పేజీల ఆధారంగా

వికీలో ఒక పేరు మీద ఒక్క పేజీయే ఉంటుంది. ఆ పేరే దాని శీర్షిక, అదే దాని చిరునామా, వేరే పేజీలోంచి లింకు ఇవ్వాలన్నా అదే ఆధారం. అచ్చులో వచ్చే విజ్ఞాన సర్వస్వంలో ఒకే శీర్షికతో రెండు వ్యాసాలు పక్కపక్కన వేసినా ఇబ్బంది లేదు. పాఠకులు రెండు వాక్యాలు చదివి తమకు కావలసింది ఏదో తేల్చుకుంటారు. వికీ సాఫ్ట్‌వేరు అందుకు ఒప్పుకోదు. రెండో పేజీ పుట్టాలంటే పేరులో ఏదో ఒక తేడా ఉండి తీరాలి. ఆ తేడా ఏమిటి, దాన్ని ఎక్కడ పెట్టాలి, ఏ రూపాన్ని శీర్షికగా ఉంచాలి, దేన్ని దారిమార్పుగా, అంటే వెతికినవాళ్లను అసలు పేజీకి పంపే పేరుగా, వదలాలి అన్న ప్రశ్నలకు ఆ వికీలో రాసేవాళ్లు కలిసి చెప్పుకున్న జవాబులే దాని పేరు పెట్టే పద్ధతి. పేజీలను వర్గాలుగా సర్దడం, చాలా పేజీల్లో ఒకేలా కనిపించవలసిన ముక్కలను మూసలుగా విడిగా ఉంచడం దానికి జతగా నడిచే పని.

తెలుగు వికీపీడియాలో ఈ పని అన్నిటికన్నా చిక్కుగా ఉండేది ఊళ్ల పేజీల దగ్గర. పల్నాడు జిల్లా ఒక్కటే చూసినా సంగతి అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలో నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి రెవెన్యూ డివిజన్లు, మొత్తం 28 మండలాలు ఉన్నాయి. ఆ 28లో కనీసం నాలుగు మండలాల పేర్లు ఇంకెక్కడో మరో మండలానికీ ఉన్నాయి. వెల్దుర్తి మండలం కర్నూలు జిల్లాలోనూ మెదక్ జిల్లాలోనూ ఉంది. అచ్చంపేట తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. రాజుపాలెం కడప జిల్లాలో ఉంది. రొంపిచర్ల పేరుతో రాయలసీమలో ఇంకో మండలం ఉంది. మండలాల సంగతే ఇలా ఉంటే, ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. రామాపురాలు, వెంకటాపురాలు, కొత్తపాలేలు, లింగంగుంట్లలు లెక్కకు మించి ఉన్నాయి.

ప్రోగ్రామర్ల చేతుల్లో మొదలైన పద్ధతి

వికీ పుట్టింది ప్రోగ్రాములు రాసేవాళ్ల మధ్య. సాఫ్ట్‌వేరు రూపకల్పనలో పదే పదే ఎదురయ్యే సమస్యలను, వాటి పరిష్కారాలను అందరూ కలిసి రాసుకోవడానికి వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న వికీవికీవెబ్ అనే సైటును తెరిచాడు. అందులో పేజీకి పేరు పెట్టడానికి ఒకే నియమం: రెండు లేదా అంతకంటే ఎక్కువ ఇంగ్లీషు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దక్షరంగా రాయాలి. అలా రాసిన మాట కనబడగానే సాఫ్ట్‌వేరు దానంతటదే లింకుగా మార్చేది. లింకు ఇవ్వడానికి వేరే శ్రమ ఉండేది కాదు. కానీ ఒంటి మాట పేజీ పేరు కావడానికి వీల్లేదు, పెద్దక్షరాలు లేని లిపిలో అసలు పేజీయే పుట్టదు. ఈ నియమమే నిలిచిపోయి ఉంటే తెలుగులో వికీ ఉండేది కాదు.

2001 జనవరి 15న మొదలైన వికీపీడియా కూడా తొలి రోజుల్లో ఈ కలిపిరాత పద్ధతినే వాడిన సాఫ్ట్‌వేరు మీద నడిచింది. కొద్ది రోజుల్లోనే, రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఏ మాట రాసినా లింకయ్యే వీలు వచ్చింది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ పేజీకి మనుషులు మామూలుగా పిలుచుకునే పేరునే పెట్టుకునే స్వేచ్ఛ దానితోనే వచ్చింది. తెలుగు, తమిళం, హిందీ, చైనీస్ వికీలన్నీ ఆ బ్రాకెట్ల మీదే నిలబడ్డాయి.

ప్రోగ్రామింగ్ భాషల సముదాయాలు తమ తమ వికీలను రకరకాలుగా సర్దుకున్నాయి. పైథాన్ వాళ్లు అదే భాషలో రాసిన మొయిన్‌మొయిన్ సాఫ్ట్‌వేరు మీద కలిపిరాత పేర్లతో చాలాకాలం నడిపారు. హాస్కెల్ వాళ్లు పాత వికీలోని కలిపిరాతను వదిలి, మీడియావికీ మీదికి మారాక మామూలు మాటల పేర్లకు వచ్చారు. టీసీఎల్ భాష వికీలో ప్రతి పేజీకీ ఒక సంఖ్య ఉండేది. పేరు మారినా సంఖ్య మారదు కాబట్టి లింకు తెగదు. 2007లో మొదలైన రొజెట్టా కోడ్ మరో దారి పట్టింది. అక్కడ పేజీ భాషకు కాదు, చేయవలసిన పనికి. ఒక వరుసను సర్దడం అనే పని ఒక పేజీ అయితే, దాని కింద ఒక్కో భాషలో రాసిన ప్రోగ్రాము ఒక్కో విభాగం. భాషలను పోల్చి చూడాలనుకునేవారికి ఇది బాగా ఉపయోగపడింది.

పేరు చిక్కులు అక్కడా ఉన్నాయి. జావా అంటే దీవి, కాఫీ, ప్రోగ్రామింగ్ భాష. పైథాన్ అంటే కొండచిలువ కూడా. సి షార్ప్ భాష పేరులోని # గుర్తును మీడియావికీ శీర్షికలో వాడనివ్వదు, ఎందుకంటే పేజీలోని విభాగానికి లింకు ఇచ్చేటప్పుడు ఆ గుర్తు పేజీ పేరుకూ విభాగం పేరుకూ మధ్య హద్దు. అందుకని ఇంగ్లీషు వికీపీడియాలో ఆ పేరును అక్షరాల్లో విప్పి రాయవలసి వచ్చింది. అక్కడ తేడా చూపడానికి పేరు తర్వాత బ్రాకెట్లలో 'ప్రోగ్రామింగ్ భాష' అని చేర్చినట్టే, తెలుగు వికీలో ఊరి పేరు తర్వాత బ్రాకెట్లలో మండలాన్నో జిల్లానో చేర్చే అలవాటు పాదుకుంది.

ఒక నరసరావుపేట, అరడజను పేజీలు

వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో ఊళ్ల పేజీల వాటా పెద్దది. మొదట్లో నరసరావుపేట అనే ఒకే పేజీలో పట్నం, మండలం రెండూ కలిసి ఉన్నా పని జరిగింది. సమాచారం పెరిగేకొద్దీ అది కుదరలేదు. పట్నం జనాభా వేరు, మండలం జనాభా వేరు. రెండూ ఒకే సమాచారపెట్టెలో రాస్తే చదివేవారు ఏది దేనిదో తెలియక తికమకపడతారు.

ఇప్పుడు ఆ ఒక్క పేరు చుట్టూ ఉన్నవి లెక్కపెట్టండి. నరసరావుపేట అంటే పట్నం. నరసరావుపేట మండలం వేరు. నరసరావుపేట రెవెన్యూ డివిజను ఇంకా పెద్దది. నరసరావుపేట శాసనసభ నియోజకవర్గం ఒకటి, నరసరావుపేట లోక్‌సభ నియోజకవర్గం మరొకటి. లోక్‌సభ నియోజకవర్గంలో పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల అనే ఏడు శాసనసభ స్థానాలున్నాయి. పురపాలక సంఘం, రైల్వే స్టేషను కూడా ఉన్నాయి. వీటిలో చాలావాటి హద్దులు ఒకటి కావు. ఇక్కడ తెలుగు వికీ పాటించే పద్ధతి తేలికైనది, మంచిది కూడా: ఏ గుర్తూ లేని ఒంటి పేరు ఊరికి వదిలి, మిగిలినవాటికి ఆ పేరు చివర అవేమిటో చెప్పే మాట చేర్చడం. నరసరావుపేట అని ఎవరైనా అంటే వాళ్ల మనసులో ఉండేది ఊరే.

ఈ ఊరి పాత పేరు అట్లూరు. మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరు మీద నరసరావుపేట అయింది. పాత పేరుతో వెతికేవాళ్ల కోసం దాని మీద దారిమార్పు పెట్టడం మామూలు పద్ధతి. అయితే అట్లూరు పేరుతో కడప జిల్లాలో ఒక మండలం ఉంది. అట్లూరి అనే ఇంటిపేరూ ఉంది. ఈ రోజు అట్లూరు అని వెతికేవారిలో ఎక్కువమందికి కావలసింది కడప జిల్లా అట్లూరే కావచ్చు. అందుకని ఆ పేరును నేరుగా నరసరావుపేటకు మళ్లించకూడదు. అట్లూరు పేజీ పైభాగంలో, ఇది నరసరావుపేట పాత పేరు కూడా అని ఒక వాక్యం పెట్టి లింకు ఇస్తే సరిపోతుంది. చరిత్ర తెలిసినవారికి పాత పేరే ముద్దు అనిపించవచ్చు. శీర్షిక మాత్రం ఇప్పుడు జనం వాడే పేరే ఉండాలి, పాత పేరుకు చోటు వ్యాసంలో ఉంటుంది.

అయోమయ నివృత్తి

ఒకే పేరున్న విషయాలను ఒకచోట జాబితాగా చూపి, ఎవరికి కావలసిన పేజీకి వాళ్లను పంపే పేజీని తెలుగు వికీలో అయోమయ నివృత్తి పేజీ అంటారు. అందులో వ్యాసం ఉండదు. ఒక్కో వరుసలో ఒక లింకు, ఆ విషయం ఏమిటో చెప్పే నాలుగు మాటలు, అంతే.

పల్నాటి యుద్ధం అన్న పేరు తీసుకోండి. 12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర నలగామరాజు, మలిదేవుల పక్షాల మధ్య జరిగిన యుద్ధం మొదటిది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో మొదలై, ఆయన చనిపోయాక ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి సినిమా రెండోది. ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన 1966 నాటి సినిమా మూడోది. రెండూ సినిమాలే కాబట్టి బ్రాకెట్లలో 'సినిమా' అని రాస్తే చాలదు, సంవత్సరం కూడా రాయాలి. యుద్ధానికి ఏ గుర్తూ అక్కర్లేదు. సినిమాలు దాని పేరు తీసుకున్నాయి గానీ అది సినిమాల పేరు తీసుకోలేదు.

మాచర్ల దగ్గర ఇంకో రకం చిక్కు ఉంది. 2022 ఆగస్టులో నితిన్ కథానాయకుడిగా 'మాచర్ల నియోజకవర్గం' అనే సినిమా విడుదలైంది. శాసనసభ స్థానం పేజీ 'మాచర్ల శాసనసభ నియోజకవర్గం' అనే నిండు పేరుతో ఉంటుంది కాబట్టి రెండు శీర్షికలూ ఢీకొనవు. కానీ ఎన్నికల ఫలితాల కోసం వచ్చి 'మాచర్ల నియోజకవర్గం' అని టైపు చేసిన మనిషి సినిమా పేజీలో దిగుతాడు. శీర్షికలు వేరయినంత మాత్రాన పని తీరదని దీన్ని బట్టి తెలుస్తుంది. సినిమా పేజీ మొదటి వరుసలోనే నియోజకవర్గం లింకు కనబడాలి.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ అమరావతి. కృష్ణ ఒడ్డున బౌద్ధ స్తూపం, అమరేశ్వరాలయం ఉన్న అమరావతి, దాని పేరుతో ఉన్న మండలం పల్నాడు జిల్లాలో ఉన్నాయి. ఆ ఊరి పేరే పెట్టుకున్న రాజధాని నగరం తుళ్లూరు చుట్టుపక్కల, గుంటూరు జిల్లాలో ఉంది. మహారాష్ట్రలో అమరావతి నగరం, జిల్లా ఉన్నాయి. పురాణాల్లో ఇంద్రుడి పట్నం ఉంది. బౌద్ధ శిల్పం గురించి రాసినవాళ్లు అమరావతి అంటే స్తూపం ఉన్న ఊరు. 2015 తర్వాత వార్తలు రాసినవాళ్లు అమరావతి అంటే రాజధాని. పాత వ్యాసాల్లో ఊరి కోసం పెట్టిన లింకులు, ఆ శీర్షికను రాజధానికి కేటాయించగానే, ఎవరూ ముట్టుకోకుండానే తప్పు పేజీకి పోతాయి. ఒంటి పేరును ఒక విషయం నుంచి తీసి మరో విషయానికి ఇచ్చే ముందు, 'ఇక్కడికి లింకున్న పేజీలు' అనే జాబితా తెరిచి ఒక్కో లింకూ సరిచేయాలి. విసుగు పుట్టించే పని. అది చేయనివాళ్లు శీర్షిక మార్చకుండా ఉండడమే మేలు.

పల్నాడు అన్న పేరు కూడా అలాంటిదే. చరిత్రలో పల్నాడు అంటే గురజాల, మాచర్ల, కారంపూడి ప్రాంతం. గుంటూరు జిల్లాలో పల్నాడు తాలూకా అని ఉండేది. నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి వేరే తాలూకాలు. ఇప్పటి పల్నాడు జిల్లాలో చిలకలూరిపేట, అమరావతి కూడా ఉన్నాయి, వాటిని పాత పల్నాడులో ఎవరూ చేర్చరు. పల్నాటి యుద్ధంలోని బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుల కథలు జిల్లా పేజీలో రాసి, కలెక్టరేటు వివరాలు ప్రాంతం పేజీలో రాస్తే రెండూ చెడతాయి. 'పల్నాడు' ప్రాంతానికి, 'పల్నాడు జిల్లా' పాలనా విభాగానికి అని వేరు చేయడం తప్పనిసరి.

జిల్లాలు మారినప్పుడు

ఊళ్లు కదలవు, జిల్లాలు కదులుతాయి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి.

రెండు అచ్చంపేటల్ని వేరు చేయడానికి ఒకరు 'అచ్చంపేట (గుంటూరు జిల్లా)' అనీ, 'అచ్చంపేట (మహబూబ్‌నగర్ జిల్లా)' అనీ పేర్లు పెట్టారనుకుందాం. 2016లో రెండోది తప్పయింది, ఆ ఊరు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లింది. 2022లో మొదటిదీ తప్పయింది. ఆరేళ్ల లోపే రెండు శీర్షికలూ పాతబడ్డాయి. అందువల్ల ఊళ్లకు బ్రాకెట్లలో జిల్లా కన్నా మండలం పేరు పెట్టడమే నిలకడైన పని. 2022 విభజనలో ఊళ్లు మండలాలతో పాటే కొత్త జిల్లాలోకి వెళ్లాయి కాబట్టి, మండలం పేరు చేర్చిన ఊరి శీర్షికలను ముట్టుకోవలసిన పని పడలేదు. మండలాల పేజీలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మూడు వెల్దుర్తి మండలాలను జిల్లా పేరు లేకుండా వేరు చేయడం కష్టం. అక్కడ జిల్లా మారినప్పుడల్లా శీర్షికా మారక తప్పదు.

శీర్షిక మార్చడానికి వికీలో తరలింపు అనే సాధనం ఉంది. దానితో మారిస్తే పేజీ, దాని మార్పుల చరిత్ర, చర్చ పేజీ కలిసి కొత్త పేరు కిందికి వెళ్తాయి. పాత పేరు మీద దారిమార్పు దానంతటదే మిగులుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కొందరు ఈ సాధనం తెలియక, పాఠాన్ని కాపీ చేసి కొత్త పేజీలో అతికిస్తారు. అది మంచిది కాదు. ఏ వాక్యం ఎవరు రాశారో చెప్పే చరిత్ర పాత పేజీలోనే ఉండిపోతుంది. వికీపీడియా పాఠాన్ని ఎవరైనా వాడుకోవచ్చు గానీ రాసినవాళ్లకు పేరు దక్కాలన్నది దాని లైసెన్సు షరతు, ఆ షరతు నిలిచేది చరిత్ర మీదే. తరలింపు తర్వాత ఇంకో పని మిగులుతుంది. పాత పేరుకు అంతకుముందే ఏవైనా దారిమార్పులు ఉంటే, అవి దారిమార్పుకు దారిమార్పు అవుతాయి. సాఫ్ట్‌వేరు ఒక్క మలుపు దాటి ముందుకు పోదు, చదివేవారు మధ్యలో ఆగిపోతారు. వాటిని బాట్లు అనే ప్రోగ్రాములు గాని మనుషులు గాని నేరుగా కొత్త పేజీకి తిప్పాలి.

వర్గాల దగ్గర శ్రమ మరీ ఎక్కువ. పేజీ ఏ వర్గంలో ఉందో ఆ పేజీ పాఠంలోనే రాసి ఉంటుంది. గుంటూరు జిల్లా గ్రామాల వర్గంలోంచి పల్నాడు జిల్లా వర్గంలోకి ఊళ్లను మార్చాలంటే, వర్గం పేజీ పేరు మారిస్తే చాలదు, ప్రతి ఊరి పేజీనీ తెరిచి ఆ వరుస మార్చాలి. మొదటి వాక్యంలో జిల్లా పేరు, సమాచారపెట్టెలో జిల్లా, అడుగున ఆ మండలంలోని గ్రామాల మూస, అన్నీ చూడాలి. మండలం మూస అయితే ఒక్కచోట సరిచేస్తే దాన్ని వాడిన అన్ని పేజీల్లోనూ మారుతుంది. వాక్యాల్లోది అలా మారదు. అందుకే మారే అవకాశం ఉన్న సమాచారాన్ని వీలైనంత వరకు మూసల్లో, పెట్టెల్లో ఉంచి, శీర్షికలో మారనిదాన్నే ఉంచాలి. పల్నాడు పేజీల అనుభవంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పదగ్గ మాట ఇదే.

చెట్టు కాదు, వల

ఊళ్లను సర్దేటప్పుడు రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు అని మెట్లు మెట్లుగా సర్దాలనిపించడం సహజం. కొన్ని ప్రోగ్రామింగ్ వికీల్లో పేజీ పేరులోనే గీతలు పెట్టి అంతస్తులు చూపిస్తారు. భాష పేరు, గీత, లైబ్రరీ పేరు, గీత, ఫంక్షన్ పేరు. వికీపీడియా వ్యాసాల్లో ఈ ఉపపేజీల పద్ధతిని వదిలేశారు. అమరావతిని చూస్తే కారణం తెలుస్తుంది. అది పల్నాడు జిల్లా ఊరు, బౌద్ధ క్షేత్రం, పంచారామాల్లో ఒకటి. 'పల్నాడు జిల్లా' కింద గీత పెట్టి అమరావతి అని రాస్తే మిగతా రెండు సంబంధాలకూ చోటు పోతుంది. వర్గాల్లో అయితే మూడూ ఉండవచ్చు. నాగార్జున సాగర్ ఆనకట్టకు కుడి గట్టు పల్నాడు వైపు, ఎడమ గట్టు నల్లగొండ వైపు. దాని పేజీ రెండు జిల్లాల వర్గాల్లోనూ ఉండవలసిందే. ఆ జలాశయంలో మునిగిన లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల విజయపురి, ఇప్పుడు దీవిగా మిగిలిన నాగార్జునకొండ, ప్రాజెక్టు కోసం కట్టిన విజయపురి సౌత్ వేర్వేరు పేజీలు కావలసినవి. మొదటి పేరు, మూడో పేరు దగ్గరదగ్గరగా ఉండడంతో ఒకదాని సమాచారం మరొకదాంట్లో చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మనుషుల పేజీల్లో తెలుగుకు ఒక సౌకర్యం కలిసొచ్చింది. ఇంగ్లీషులో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి, వర్గంలో ఇంటిపేరు వరుసన రావాలంటే ప్రతి పేజీలో పేరును తిరగేసి ఒక సూచన రాయాలి. మనకు గుర్రం జాషువా, కాసు బ్రహ్మానందరెడ్డి, కన్నెగంటి హనుమంతు అని రాస్తేనే ఇంటిపేరు వరుస వచ్చేస్తుంది. కవికోకిల వంటి బిరుదులు, శ్రీ, గారు వంటివి శీర్షికలో పెట్టరు. జాషువా మీద మనకెంత గౌరవం ఉన్నా దాన్ని చూపవలసింది వ్యాసం ఎంత శ్రద్ధగా రాశామన్న దాంట్లోనే.

లిపి పెట్టే పరీక్షలు

ఒకే ఊరిని రెండు రకాలుగా రాయడం మనకు అలవాటు. కారంపూడి, కారెంపూడి, సత్తెనపల్లి, సత్తెనపల్లె, పిడుగురాళ్ల, పిడుగురాళ్ళ, మాచర్ల, మాచెర్ల, నకరికల్లు, నెకరికల్లు. మనిషి కంటికి రెండూ ఒకటే, సాఫ్ట్‌వేరుకు రెండు వేర్వేరు పేర్లు. ఒకదాన్ని శీర్షికగా ఉంచి రెండోదాన్ని దారిమార్పు చేయకపోతే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో మంచి మనసుతోనే రెండో పేజీ మొదలుపెడతారు, తర్వాత రెండింటినీ విలీనం చేయవలసి వస్తుంది.

కంటికి కనిపించని తేడాలు ఇంకా ఇబ్బంది పెడతాయి. 'నరసరావుపేట లోక్‌సభ నియోజకవర్గం' అన్న శీర్షికలో క పొల్లుకూ స అక్షరానికీ మధ్య, రెండూ ఒత్తుగా కలిసిపోకుండా ఆపే ఒక శూన్య వెడల్పు అక్షరం ఉంది. అది లేకపోతే 'లోక్సభ' అవుతుంది. అది ఉన్న శీర్షిక, లేని శీర్షిక రెండు వేర్వేరు పేజీలు. ఈ అక్షరమే పొరపాటున 'సాగర్' చివర పడితే చూడ్డానికి ఏ మార్పూ ఉండదు, లింకు మాత్రం, ఆ పేరుతో పేజీ లేదని చూపే ఎర్ర రంగులో మిగులుతుంది. ఐత్వం సంగతి నయం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. మీడియావికీ రెండింటినీ ఒకే రూపానికి తెచ్చుకుంటుంది.

శీర్షిక పొడవుకూ హద్దుంది: 255 బైట్లు. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి తెలుగు శీర్షికలో 85 సంకేతాలకు మించి పట్టవు. 'పల్నాడు' అనే చిన్న మాటలోనే ఏడు సంకేతాలున్నాయి: ప, ల, పొల్లు, న, దీర్ఘం, డ, కొమ్ము. అంటే 21 బైట్లు. ఆ చిరునామాను కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే శాతం గుర్తులతో 63 అక్షరాల తోరణం కనిపిస్తుంది. తెలుగు పేజీల లింకులు పంచుకునేవాళ్లందరికీ ఇది పరిచయమే.

విభక్తుల సంగతి వేరు. 'నరసరావుపేటలో' అని రాయాలంటే ఊరి పేరును బ్రాకెట్లలో ఉంచి, వాటిని మూశాక 'లో' చేరిస్తే చాలు, మొత్తం మాట లింకుగా కనిపిస్తుంది. మాచవరం వంటి ఊరి పేరు దగ్గర ఇది కుదరదు, 'మాచవరానికి' అన్నప్పుడు పేరే మారుతుంది. పల్నాడు 'పల్నాటి' అవుతుంది. అప్పుడు శీర్షిక ఒకటి, కనిపించే రూపం మరొకటి అని నిలువు గీత పెట్టి [[మాచవరం|మాచవరానికి]], [[పల్నాడు|పల్నాటి]] అని రాస్తారు. ఈ గీత వాడడం నేర్చుకోనివాళ్లు లింకు కోసం వాక్యాన్ని వంకర తిప్పి 'మాచవరం అను గ్రామమునకు' అని రాస్తుంటారు. లింకు కోసం తెలుగును పాడుచేయనక్కర్లేదు.

జనగణన జాబితాల ఇంగ్లీషు రాతల నుంచి ఊళ్ల పేర్లను తెలుగులోకి తెచ్చేటప్పుడు వచ్చే తప్పులు వేరే రకం. ఇంగ్లీషు రాతలో డ, ద ఒకటే; ల, ళ ఒకటే; న, ణ ఒకటే; దీర్ఘం ఉందో లేదో తెలియదు. ఈపూరు ఇపూరు అవుతుంది, ముప్పాళ్ల ముప్పల్ల అవుతుంది. వీటిని సరిచేయగలిగింది ఆ ఊరివాళ్లు. పంచాయతీ ఆఫీసు బోర్డు, బడి బోర్డు ఫొటో తీసి ఎక్కించిన ఒక్క మనిషి, దూరాన కూర్చుని పది జాబితాలు పోల్చినవాళ్ల కన్నా ఎక్కువ మేలు చేస్తారు.

2012లో మొదలైన వికీడేటా వల్ల ఈ భారం కొంత తగ్గింది. అందులో ప్రతి విషయానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగులో గురజాల అని, ఇంగ్లీషులో మరో రకంగా, ఉర్దూలో ఇంకో రకంగా రాసినా అన్నీ ఒకే సంఖ్య కింద కలుస్తాయి. టీసీఎల్ వాళ్లు తమ వికీలో పేజీలకు సంఖ్యలిచ్చిన ఆలోచనే ఇక్కడ లోకమంతటికీ పనికొచ్చింది. అయితే సంఖ్య యంత్రాల కోసం. వెతికే మనిషి టైపు చేసేది పేరే.

జాబితాలో లేని ఊళ్లు

ఊళ్ల పేజీలు ఎక్కువగా జనగణనలోని రెవెన్యూ గ్రామాల జాబితా ఆధారంగా తయారయ్యాయి. రెవెన్యూ గ్రామం కానిది ఆ జాబితాలో ఉండదు. శివారు పల్లెలు, పాలేలు అలా బయటే ఉండిపోయాయి. పల్నాడులో ఈ లోటు బాగా కనిపించేది తండాల దగ్గర. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో సుగాలీల (లంబాడీల) తండాలు చాలా ఉన్నాయి. పంచాయతీ ఉన్న తండాకు కూడా రెవెన్యూ రికార్డులో పెద్ద ఊరి పేరే ఉంటుంది, కాబట్టి వికీలోనూ ఆ పెద్ద ఊరి పేజీలో ఒక వాక్యంగా మిగులుతుంది.

తండాకు పేజీ పెట్టాలంటే పేరు దగ్గరే ఆగవలసి వస్తుంది. చాలా తండాల పేర్లు వాటిని నిలిపిన నాయకుల పేర్ల మీద ఉంటాయి, ఒకే పేరు పక్క మండలంలోనూ ఉంటుంది. మండలం పేరు బ్రాకెట్లలో పెట్టినా చాలనిచోట దగ్గరి రెవెన్యూ గ్రామం పేరు పెట్టడం మంచిది. లంబాడీ భాషలో వాళ్లు పిలుచుకునే పేరు, తెలుగులో ఇతరులు పిలిచే పేరు వేరయితే రెండోది దారిమార్పు కావాలి, మొదటిది శీర్షిక కావాలి. పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్లు, ఓటర్ల జాబితాల్లోని పోలింగ్ కేంద్రాల పేర్లు, బడుల పేర్లు ఇందుకు ఆధారంగా దొరుకుతాయి. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మండలాల పేజీల్లో తండాల పేర్లను ముందు వరుసగా రాసి, ఒక్కోదానికీ ఎర్ర లింకు వదిలితే, ఆ ఊరి కుర్రాళ్లలో ఎవరో ఒకరు ఆ లింకు మీద నొక్కి మొదటి వాక్యం రాయడానికి వీలవుతుంది.